చూసేవారు లేని ఆట: అందరినీ కలుపుకునే కోలాట బృందాన్ని నడపడం ఎలా?

బతుకమ్మ ఆడేటప్పుడు చూడవచ్చిన వారికి మన వీపు కనిపిస్తుందేమోనని ఎవరూ బెంగపడరు. గొబ్బి ఆడినా, కోలాటం వేసినా, పీర్ల పండుగకు అలావా చుట్టూ తిరిగినా లోపలికి తిరిగే ఆడతారు. మధ్యలో పూలో, గొబ్బెమ్మలో, నిప్పుల గుండమో ఉంటుంది. కళ్లన్నీ దాని మీద, ఎదుటి మనిషి మీద. బయట కూర్చుని మార్కులు వేసేవారికి అక్కడ పని లేదు.

డాన్సు అనగానే వేదిక, లైట్లు, ఎత్తిపట్టిన ఫోన్ల వరస గుర్తుకొచ్చే రోజులు వచ్చాక "అమ్మో, నాకు రాదండీ" అనేవారు పెరిగిపోయారు. మోకాళ్లు అరిగినవారు, చక్రాల కుర్చీలో తిరిగేవారు, నలుగురిలో నోరు మెదపలేనివారు, భర్త పోయాక ముచ్చటైన పని ఏదీ తనది కాదనుకునే ఇల్లాలు, ఆడపిల్లల ఆటలో దూరితే నవ్వుతారేమోనని దూరంగా నిలబడే పెద్దాయన, వీరందరూ గోడ పక్కకే చేరతారు. అలాంటివారిని వలయంలోకి తెచ్చి వారానికి ఒక గంట ఆడించాలనుకునే మీ కోసం ఈ సూచనలు. మీకు నాట్యం వచ్చి ఉండనక్కరలేదు. తాళం తప్పకుండా చప్పట్లు కొట్టగలిగితే చాలు. అదీ రాకపోతే వచ్చినవారిని పక్కన పెట్టుకోండి.

ముందుగా దీని హద్దు తెలుసుకోండి

కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక నివేదిక వెలువరించింది. 3,000కు పైగా అధ్యయనాలను వడపోసి రాసిన ఆ నివేదికలో నృత్యానికీ చోటుంది. కుంగుబాటు మీద వ్యాయామం ఎంత పనిచేస్తుందో 218 అధ్యయనాలను, అంటే 14,170 మంది వివరాలను కలిపి చూసిన విశ్లేషణ 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. నడక, యోగా, బరువులెత్తడంతోపాటు నృత్యం కూడా లక్షణాలను తగ్గించినట్టు అందులో తేలింది. అయితే నృత్యం మీద జరిగిన అధ్యయనాలు తక్కువని రాసినవారే ఒప్పుకున్నారు. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది 2015లో అచ్చయిన చిన్న ప్రయోగం. బ్రెజిల్‌లో బడి పిల్లలను గుంపులుగా ఆడించి చూశారు. అందరూ ఒకే లయలో ఒకే అడుగు వేసినప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగింది, పక్కవారి మీద దగ్గరితనమూ పెరిగింది. ఒళ్లు అలిసేలా ఆడినా ఇదే జరిగింది. కోలాటంలో ఈ రెండూ ఉన్నాయి.

ఇంతవరకే. మీరు నడిపేది చికిత్స కాదు, మీరు వైద్యులూ కారు. "ఆటకు రండి, మాత్రలు మానేయవచ్చు" అని ఎవరికీ, ఎప్పుడూ చెప్పకండి. మీ దగ్గర ఎవరైనా ఆ మాట అంటే అక్కడికక్కడే సరిదిద్దండి. మొదటి రోజే ఒక అట్టముక్క మీద 14416 అని పెద్ద అంకెల్లో రాసి తలుపు దగ్గర తగిలించండి. మనసు బాగాలేనివారి కోసం ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సహాయవాణి టెలీ మానస్ నంబరు అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

చోటు, వేళ

మెట్లున్న హాలు ఎంత అందంగా ఉన్నా వద్దు. అపార్ట్‌మెంటు కింద పార్కింగు స్థలం, బడి వరండా, గ్రంథాలయం ముందున్న చప్టా, నేలకు సమంగా ఉన్న ఏ చోటైనా మేలు. ఒకటి రెండు మెట్లు తప్పకపోతే పలకతో వాలు పెట్టించండి. లెక్క సులువు: 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు వాలు కావాలి. అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీ ఎక్కేటప్పుడు వెనక్కి తిరగబడవచ్చు. మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందో లేదో టేపు పెట్టి కొలవండి. ఈ ఒక్కటీ చూడకపోవడం వల్లే చాలామంది రెండో వారం రారు. రాకపోవడానికి కారణమూ చెప్పరు.

ఫంక్షన్ హాళ్లలో శబ్దం గోడలకు తగిలి తిరిగి వస్తుంది. వినికిడి యంత్రం పెట్టుకున్నవారికి, ఆటిజం ఉన్న పిల్లలకు అది తలలో మోగినట్టే ఉంటుంది. జంపఖానాలు ఉంటే గోడలకు వేలాడదీయండి, చాలావరకు తగ్గుతుంది. నేల మీద మాత్రం పరవకండి. అంచు మడతపడి కాలికి తగలడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

వేళ విషయంలో మీ వీలు చూసుకోకండి. పెద్దవారు చీకటి పడ్డాక బయటికి రారు, ఇల్లాళ్లకు సాయంత్రం వంట పని ఉంటుంది. ఎండాకాలం పొద్దున 6:30, మిగతా రోజుల్లో సాయంత్రం 4:30 దాదాపు అందరికీ కుదురుతుంది. ఒకసారి వారం, వేళ పెట్టుకున్నాక మార్చకండి. కుంగుబాటులో ఉన్న మనిషికి మంచం దిగి రావడమే పెద్ద పని. అంత పని చేసి వచ్చాక తలుపుకు తాళం కనిపిస్తే మళ్లీ రారు. వర్షమొచ్చినా, ముగ్గురే వచ్చినా ఆట ఉండాలి.

పిలుపు

"వికలాంగులకు ప్రత్యేకం", "మానసిక సమస్యలు ఉన్నవారికి" అని కరపత్రంలో రాస్తే ఆ రెండు రకాలవారూ రారు. రాయవలసింది వేరు. "కోలాటం ఆడుకుందాం. కూర్చుని ఆడవచ్చు, నిలబడి ఆడవచ్చు, తాళం వేస్తూ కూర్చోవచ్చు. మెట్లు లేవు. పోటీ లేదు, ప్రదర్శన లేదు, ఫొటోలు తీయం. ఇంట్లోంచి ఒకరిని తోడు తెచ్చుకోవచ్చు." ఇది చాలు. కింద ఒక ఫోను నంబరు ఇచ్చి, "మీకు ఏ ఏర్పాటు కావాలో ముందుగా చెప్పండి" అని ఒక్క ముక్క చేర్చండి. ఫోను చేసినవారిని జబ్బు పేరు అడగకండి. ఎంతసేపు నిలబడగలరో, ఏ చెవి బాగా వినిపిస్తుందో, ఎవరైనా తాకితే ఇబ్బందా, ఇవే మీకు అక్కరకొచ్చే సంగతులు.

మొదట 12 నుంచి 16 మంది చాలు. మీకు తోడుగా ఇద్దరు ఉండాలి. ఒకరు వలయంలో, ఒకరు తలుపు దగ్గర.

మగవారు తమంతట తాము రారు. వారిని ఆడమని పిలవకుండా వాయించమని పిలవండి. చేతిలో చిడతలో, కంజిరో పడితే కాళ్లు వాటంతటవే కదులుతాయి. చెక్క భజన, తప్పెటగుళ్లు మగవారు ఒళ్లు హూనమయ్యేలా ఆడే ఆటలే కదా! అవి చూసి పెరిగిన పెద్దాయన ఒకరు దొరికితే మీ పని సగం అయిపోయినట్టే.

పేరు పెట్టి పిలిచే తీరు ముందే తేల్చుకోండి. అమ్మా, అన్నా, అక్కా, పెద్దమ్మా అనుకోవడం మనకు అలవాటే, బాగుంటుంది కూడా. చిక్కు ఎక్కడొస్తుందంటే, డౌన్ సిండ్రోమ్ ఉన్న 30 ఏళ్ల మనిషిని అందరూ "చిన్నా, బుజ్జీ" అంటారు. ఆయన్ను పేరు పెట్టి, గారు చేర్చి పిలవండి. ట్రాన్స్ మహిళ తన పేరు ఏది చెబితే అదే పేరు, అక్కా అనమంటే అక్కే. ఎవరైనా కిసుక్కున నవ్వితే ఆట అయ్యాక విడిగా పిలిచి మాట్లాడండి, అందరి ముందూ వద్దు.

సామాను

కోలలు మోచేతి నుంచి వేళ్ల కొనల దాకా పొడవుంటే చాలు. అంతకంటే పొడవైతే పక్కవారికి తగులుతాయి. చివరలు గుండ్రంగా అరగదీయించండి. పట్టు సరిగా లేనివారికి కోల మొదట్లో పాత చీర పేలిక చుట్టండి, లేదా సైకిలు హ్యాండిలు రబ్బరు తొడగండి. పక్షవాతం వచ్చి వేళ్లు ముడుచుకోనివారికి వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీతో కోలను అరచేతికి ఆనించి ఉంచవచ్చు. బిగించి కట్టకండి, విదిలిస్తే జారిపోయేలా ఉండాలి.

చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలు వద్దు. పెద్దవారు లేచేటప్పుడు ఆనుకోవడానికి కుర్చీకి చేతులు ఉండాలి, కాళ్లు జారకూడదు. మంచినీళ్లు, నాలుగు తువ్వాళ్లు, కొన్ని జతల చిడతలు, ఒక డప్పు. డప్పు వాయించడానికి కళాకారుడిని పిలిస్తే ముందుగానే డబ్బు మాట్లాడుకుని, ఆ రోజే చేతికి ఇవ్వండి. ఆయన కుర్చీ కూడా వలయంలోనే వేయండి. తరతరాలుగా డప్పును ఊరి బయట నిలబెట్టిన తీరు మనకు తెలియనిది కాదు. అందరినీ కలుపుకుంటామని చెప్పుకునే చోట వాయించే మనిషి గుమ్మం దగ్గర నిలబడి ఉంటే మిగతా ఏర్పాట్లన్నీ దండగ.

పాటల సంగతి. కోలాటం పాటల్లో కృష్ణుడు, రాముడు ఎక్కువ. వాటిని తీసేయాలని నేను అనను, వాటి నడకే వేరు. కానీ ఆస్మా గారు, మేరీ గారు కూడా వలయంలో ఉన్నప్పుడు గంటసేపూ అవే పాడితే వారు అతిథులుగానే మిగిలిపోతారు. నాట్ల పాటలు, దంపుడు పాటలు, జోలపాటలు కలపండి. మొదటి కొన్ని వారాలు పాట లేకుండా ఉత్త డప్పుతో ఆడినా ఏమీ తక్కువ కాదు. పైగా పదాలు లేకపోతే అడుగు తొందరగా పట్టుబడుతుంది.

మొదటి పావుగంట: అందరూ కూర్చునే

ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా లేకపోయినా, అందరూ కుర్చీల్లో కూర్చునే మొదలుపెట్టాలి. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ. కుర్చీలో కూర్చోవలసినవారు కొందరే అయితే వారు "కూర్చున్నవారు" అయిపోతారు. అందరూ కూర్చుంటే ఆ తేడాయే పుట్టదు. పార్కిన్సన్స్ ఉన్నవారి కోసం న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో 2001లో మొదలైన నృత్య తరగతులు కూడా కుర్చీల్లోనే మొదలవుతాయి. ఆ జబ్బులో అడుగు ఉన్నట్టుండి నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతుంది. తాళం వినిపిస్తే మళ్లీ కదలడం చాలామందికి తేలికవుతుంది.

ముందు మడమలు, మునివేళ్లు మార్చి మార్చి నేలకు ఆనించమనండి. తరవాత మణికట్లు, భుజాలు. మెడను గుండ్రంగా తిప్పించకండి, అటూ ఇటూ చూస్తే చాలు. ఊపిరి బిగబట్టేవారిని గమనించి, ఒకటి నుంచి ఎనిమిది దాకా పైకి లెక్కపెట్టమనండి. లెక్కపెడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు.

తరవాత పేరూ కదలికా. ఒక్కొక్కరూ తమ పేరు చెబుతూ ఏదో ఒక కదలిక చేస్తారు. వలయమంతా ఆ పేరును, ఆ కదలికను తిరిగి చేస్తుంది. చేయి ఊపినా సరే, కనురెప్పలు ఆర్పినా సరే. ఒకరు ఏమీ చేయకుండా తల దించుకుని కూర్చున్నారనుకోండి, అందరూ అలాగే తల దించుకుని కూర్చోవాలి. వెక్కిరింపులా ఉండకూడదు, నెమ్మదిగా, అదే బరువుతో చేయాలి. వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ ఆసుపత్రిలో 1942లో మానసిక రోగుల మధ్య పని మొదలుపెట్టిన మేరియన్ చేస్ అనే నర్తకి ఇదే దారిలో వెళ్లారు. మాట్లాడని మనిషి ఎలా కదులుతున్నారో తానూ అలా కదిలి, ముందు ఆ మనిషి దగ్గరకు చేరేవారు. తరవాతే మిగతాది. మీకు ఆమె చదువు అక్కరలేదు, ఈ మర్యాద ఒకటి అరువు తెచ్చుకోండి.

చప్పట్లు, అడుగు

బతుకమ్మ అడుగుతో నడక మొదలుపెట్టండి. కుడికి ఒక అడుగు, ఎడమ కాలు దగ్గరకు, కొద్దిగా వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట. నిలబడగలిగినవారు లేచి ఆడతారు. కూర్చున్నవారు కుడి పాదం పక్కకు జరిపి, దగ్గరకు తెచ్చి, తొడల మీద ఒక దరువు, చేతులతో ఒక చప్పట. రెండూ ఒకే నాలుగు దెబ్బలు. చూడకుండా వింటే ఎవరు లేచారో, ఎవరు కూర్చున్నారో తెలియదు. వేగం నిమిషానికి 80 దెబ్బల దగ్గర ఉంచండి. 100 దాటితే పెద్దవారికి అడుగు తడబడుతుంది. కంటి ఆపరేషను చేయించుకుని ఎక్కువ రోజులు కానివారు వంగకూడదు, చప్పట ఒక్కటీ చాలు.

చేతులు పట్టుకుని ఆడితే బాగుంటుంది, కానీ అందరూ తాకనివ్వరు. అరకు థింసాలో వీపుల వెనకగా చేతులు అల్లుకుంటారు. ఒకరి బరువు ఒకరికి ఆసరాగా ఉండి పడిపోయే భయం తగ్గుతుంది. మీ దగ్గర తువ్వాళ్లు వాడండి. ఇద్దరి మధ్య ఒక తువ్వాలు, ఒక చివర ఒకరు, రెండో చివర మరొకరు. తాకనవసరం లేకుండానే ఆసరా దొరుకుతుంది. ముందు తువ్వాలుతో మొదలుపెట్టినవారు కొన్ని వారాలకు దాన్ని వదిలేసి చేయి పట్టుకోవచ్చు, పట్టుకోకపోవచ్చు. మీరు మాత్రం తొందరపెట్టకండి.

కోలాటం

జంట కోలాటంలో రెండు వలయాలు. జంటను ఉద్ది అంటారు. లోపలి మనిషి లోఉద్ది, బయటి మనిషి వెలిఉద్ది. ఆడే తీరుకు కోపు అని పేరు. ఊరేగింపుల్లో వేసే పెద్ద కోపుల్లో రెండు వలయాలూ ఎదురెదురుగా తిరుగుతాయి, లోపలివారు బయటికీ బయటివారు లోపలికీ మారతారు. అందరూ కలిసే ఆటకు అంత అక్కరలేదు. లోవలయాన్ని కదలకుండా ఉంచండి, వెలివలయాన్ని తిప్పండి. ఈ ఒక్క మార్పుతో చక్రాల కుర్చీలో ఉన్నవారు, నిలబడలేనివారు, తిరిగితే కళ్లు తిరిగేవారు లోఉద్దులవుతారు. నడవగలిగినవారు ఒక్కొక్కరి ముందుకూ వచ్చి కోల కలిపి పోతారు. లోపల కూర్చున్న మనిషి దగ్గరికి ఊరంతా వస్తుంది.

కోపు ఇలా నేర్పండి. ఒకటి, ఎవరి కోలలు వారు కొట్టుకోవాలి. రెండు, కుడి కోల ఎదుటివారి కుడి కోలకు. మూడు, మళ్లీ ఎవరివి వారు. నాలుగు, ఎడమ కోల ఎదుటివారి ఎడమ కోలకు. దీన్ని మూడు సార్లు ఆడితే 12 దెబ్బలు. ఆ తరవాతి నాలుగు దెబ్బలకు వెలిఉద్దులు కుడివైపు ఒక చోటు జరుగుతారు, లోఉద్దులు తమ కోలలు కొడుతూ ఉంటారు. 8 జంటలు ఉంటే చుట్టు పూర్తవడానికి 128 దెబ్బలు, అంటే నిమిషంన్నర పైచిలుకు. రెండు చుట్లు ఆడి ఆపండి, నీళ్లు తాగనివ్వండి.

ఇప్పుడు అసలు మెళకువలు. నిలబడినవారు కూర్చున్నవారి ఛాతీ ఎత్తుకు తమ కోలను దించాలి, కూర్చున్నవారి చేత చేయి పైకి ఎత్తించకూడదు. చక్రాల కుర్చీకి బ్రేకు వేసి ఉండాలి, వేసేది ఆ కుర్చీ మనిషే. అడగకుండా కుర్చీని ఎవరూ ముట్టుకోకూడదు, అది ఆ మనిషి ఒంటితో సమానం. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఇద్దరు చేతులు చాచినంత ఎడం ఉంచండి. చీర కొంగులు, చున్నీలు నడుముకు చుట్టి దోపమనండి. చక్రం ఊచల్లో కొంగు చిక్కుకుంటే ఇద్దరూ పడతారు.

చూపు లేనివారు లోఉద్దిగా ఉంటే ఎదుటివారు కోలను గాలిలో తిప్పకుండా ఒకేచోట నిలకడగా పట్టుకోవాలి. తమ పేరు చెప్పి, కోలల్ని ఒకసారి టక్కుమనిపిస్తే చోటు తెలిసిపోతుంది. చూపు లేనివారు నడవాలనుకుంటే జడ కోలాటం తాళ్లు అక్కరకొస్తాయి. మధ్య గుంజ నుంచి వచ్చిన తాడు చేతిలో బిగువుగా ఉన్నంతసేపు వలయం తప్పినట్టు కాదు. జడ అల్లకండి. తాడు పట్టుకుని అందరూ ఒకే దిక్కుకు నడిస్తే చాలు.

వినిపించనివారికి నడిపే మనిషి మధ్యలో, వెలుగు ముఖాన పడేలా నిలబడి చేయి పెద్దగా ఊపాలి. పిడికిలి పైకెత్తితే ఆగమని, అరచేయి కిందికి దించితే వేగం తగ్గించమని. డప్పును చెక్క బల్లకు ఆనించి వాయిస్తే, ఆ బల్ల మీద చేయి పెట్టినవారికి దరువు అరచేతిలోకి వస్తుంది. ఈ గుర్తులు అందరికీ నేర్పండి. గోలలో ఎవరి మాటా వినిపించనప్పుడు చెవులు బాగున్నవారికీ అవే దిక్కు.

ఒక చేయి పనిచేయనివారు ఒకే కోలతో ఆడతారు. మొదటి, మూడో దెబ్బలకు ఎదుటివారు తమ కోల ఒకటి అందిస్తారు. శబ్దం పడనివారికి దూదో, చెవి తొడుగులో ఇచ్చి, తలుపు దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి. వెళ్లి కూర్చుంటే కారణం అడగకండి. తిరిగి వస్తే చప్పట్లు కొట్టకండి.

ఆడనన్నవారి చేతికి చిడతలిచ్చి వలయంలోనే కూర్చోబెట్టండి. తోడుగా వచ్చిన తల్లులు, భార్యలు గోడకు ఆనుకుని తమవారినే చూస్తూ ఉంటారు. ఆ చూపు కింద ఎవరూ స్వేచ్ఛగా ఆడలేరు. వారినీ ఆటలోకి రమ్మనండి, లేదంటే "గంటసేపు మేం చూసుకుంటాం, టీ తాగి రండి" అని పంపేయండి. ఆ గంట విశ్రాంతి కోసమే కొందరు క్రమం తప్పకుండా వస్తారు. అదీ మంచిదే.

ఎవరి కదలిక వారిది

కోలాటంలో అందరిదీ ఒకే అడుగు. దాని తరవాత పది నిమిషాలు ఎవరికి వారు కదలాలి. "మీ మనసులో ఉన్నది నాట్యం చేయండి" అంటే మాత్రం అందరూ బిగుసుకుపోతారు. అంతకంటే చేతులకు తెలిసిన పని ఇవ్వండి. చాటతో చెరగడం, రోట్లో దంచడం, బావిలో నీళ్లు తోడడం, నాటు వేయడం, మగ్గం నేయడం, బస్సులో వేలాడడం, ఏదైనా సరే. ఒకసారి నేను చాట అనుకుని చేతులు అలా ఆడిస్తూ ఉంటే ఒక పెద్దావిడ ఊరుకోలేదు. "అలా కాదమ్మా, ముందుకు ఎగరేస్తే గింజలన్నీ పోతాయి. మణికట్టు ఇలా విరవాలి, పొట్టు అటు, గింజ ఇటు" అంటూ లేచి నిలబడి చూపించింది. అక్కడి నుంచి ఆమె చెరగడమే ఆ రోజు కోపు. డప్పు ఆమె మణికట్టును బట్టి మోగింది.

పని కదలిక దొరికాక దాన్ని మార్చమనండి. సగం వేగంతో చేయండి. రెండింతలు పెద్దగా చేయండి. చాటలో ఏమీ లేనట్టు, తరవాత మోయలేనంత బరువున్నట్టు చేయండి. ఎదుటివారికి అందించండి. ఇక్కడే ఒక్కొక్కరి లోపలిది బయటపడుతుంది. కొందరు నవ్వుతారు, ఒకరిద్దరు దంచడం మొదలుపెట్టి ఆపకుండా దంచుతూనే ఉంటారు. దంచనివ్వండి. "ఎవరిని తలుచుకుని దంచారు?" అని అడగకండి, హాస్యానికైనా సరే. ఆ కదలికకు అర్థం చెప్పవలసిన బాధ్యత వారికి లేదు, తెలుసుకునే హక్కు మీకూ లేదు.

ఎవరికైనా ఏడుపు వస్తే డప్పు ఆపకండి. ఆపితే అందరూ ఆ మనిషి వైపే తిరుగుతారు. మీ తోడు మనిషి వెళ్లి పక్కన కూర్చుని మంచినీళ్లు ఇస్తారు. ఆ మనిషి మాట్లాడితే వింటారు, మాట్లాడకపోతే ఊరికే కూర్చుంటారు. చనిపోవాలని ఉందనే మాట నోట వస్తే తేలికగా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకండి, 14416కు మీరే పక్కనుండి ఫోను కలపండి, నమ్మకమున్న ఇంటివారు వచ్చేదాకా ఉండండి. ప్రమాదం అప్పటికప్పుడే అనిపిస్తే అత్యవసర నంబరు 112కు చేయండి.

ఒళ్లు జాగ్రత్త

భోజనం చేసి గంటన్నర కాకుండా ఆడించకండి. రక్తపోటుకు, కుంగుబాటుకు వాడే కొన్ని మందులతో లేవగానే కళ్లు తిరుగుతాయి. కుర్చీలోంచి లేచేటప్పుడు పదిదాకా లెక్కపెట్టి లేవమనండి. చక్కెర జబ్బు ఉన్నవారి సంచీలో బెల్లం ముక్కో, బిస్కెట్లో ఉండాలి. పాదాలు మొద్దుబారినవారు చెప్పులు లేకుండా ఆడకూడదు, గుచ్చుకున్నా వారికి తెలియదు. వారికి జారని అడుగున్న బూట్లు మంచివి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఆట అక్కడితో సరి, ఆసుపత్రికి వెళ్లవలసిందే. గర్భిణులు కూర్చుని ఆడవచ్చు, అయినా తమ డాక్టరును ఒక మాట అడిగి రమ్మనండి.

ఆఖరి ఐదు నిమిషాలు మళ్లీ అందరూ కుర్చీల్లోకి రావాలి. చేతులు ఒళ్లో, కళ్లు మూయడం ఇష్టమున్నవారికే. డప్పు నెమ్మదిస్తూ ఆగిపోతుంది. "ఎలా ఉంది చెప్పండి" అని వరసగా అందరి చేతా మాట్లాడించకండి. మాట్లాడాలనుకున్నవారు చెప్పులు వేసుకుంటూ మాట్లాడతారు.

నెలలు గడిచాక

మొదటి రెండు వారాలు కూర్చుని ఆడే ఆట, చప్పట్లు మాత్రమే. మూడో వారం కోలలు. రెండు వలయాలు ఐదో వారానికి ముందు వద్దు. ఆ తరవాత నడిపే పని ఒక్కొక్క వారం ఒక్కొక్కరికి ఇవ్వండి. మాట స్పష్టంగా రానివారికీ ఇవ్వండి. పిడికిలి, అరచేయి గుర్తులు ఉన్నాయి కదా. ఒక చిన్న పుస్తకం పెట్టి ఎవరు రావడం మానేశారో రాసుకోండి. రెండు వారాలు రాకపోతే ఫోను చేయండి, "ఎందుకు రాలేదు?" అనకండి. "మీ జత ఖాళీగా ఉంది" అనండి.

డబ్బు విషయం చిన్నదే. కోలలు, చిడతలు ఒకసారి కొంటే చాలు. డప్పు కళాకారుడికి ఇచ్చే డబ్బు ప్రతి వారం ఉంటుంది. హుండీ పెట్టి ఎవరికి తోచింది వారిని వేయమనండి, ఎవరెంత వేశారో చదవకండి.

ఆట కుదురుకుంటున్న సమయానికి ఎవరో ఒకరు వస్తారు. వినాయక చవితి పందిట్లో ఒక ప్రదర్శన ఇవ్వమంటారు, కోలాటం పోటీ ఉందంటారు, ఒకే రంగు చీరలు తామే కొనిస్తామంటారు. మర్యాదగా వద్దనండి. ఒకే రంగు చీర కట్టిన మరుక్షణం మొదటి వరసలో ఎవరు నిలబడాలన్న లెక్క మొదలవుతుంది. ఆ లెక్కలో మీ బృందంలో సగం మంది వెనక వరసకు, అక్కడి నుంచి ఇంటికి వెళ్లిపోతారు. వారు మరీ బతిమాలితే ఒక షరతు పెట్టండి. వేదిక ఎక్కం, పందిరి ముందు నేల మీదే వలయం వేస్తాం, అక్కడికి వచ్చినవారు కూడా ఆడాలి. ఒప్పుకుంటే వెళ్లండి. పది జతల కోలలు అదనంగా సంచీలో వేసుకోండి, వాటిలో రెండు జతలకైనా పేలిక చుట్టి ఉంచండి, అరడజను మడత కుర్చీలు ఆటోలో ముందే పంపండి.